చిన్నతల్లి హద్దు

హుద్‌హుద్ తుపానుకు పల్లంలోని ఇల్లు గోడలతో సహా కూలిపోయిన పిమ్మట, రామతీర్థానికి దాపున ఉన్న పల్లెలో జగన్నాధం అనే రైతు తన మెట్టచేలో ఇల్లు కట్టుకోదలచాడు. ఎంత వాన కురిసినా నీరు నిలవని చోటు అతనికి అదొక్కటే ఉన్నది.

ఆ చేని ఉత్తరపు అంచుకు కాస్త ఇవతల మోకాలెత్తు రాయి ఒకటి ఉంది. అది అతని అక్క చిన్నతల్లిది. పెళ్లి కుదిరిన ఏడు, తండ్రికి అంబలి ముంత మోసుకొస్తూ గట్టుమీద పాము కరిచి పోయింది. కన్నెపిల్ల గనుక దహనం చేయక అక్కడే పూడ్చి, తలాపున రాయి నాటారు. ఆనాటి నుంచి ఆమె ఆ ఇంటివాళ్లు దేవతగా కొలిచే పేరంటాలు. ఏ శుభం తలపెట్టినా ముందు రాతికి పసుపు పూసి, కొత్త చీర చూపి, ఆమెతో చెప్పాకనే రెండో మాట.

ఈసారి ఆమెతో చెప్పలేదు. పంచాయతీ కార్యదర్శి, ఇది రికార్డులో సాగుభూమి, భూమార్పిడి ఉత్తర్వు లేనిదే ఇంటి ప్లానుకు అనుమతి రాదని చెప్పాడు. చేలో సమాధి కనబడితే ఆ ఫైలు ఇక కదలదని బడ్డీకొట్టు దగ్గర ఎవరో అన్నారు. నిజమెంతో విచారించే ఓపిక జగన్నాధానికి లేకపోయింది. టార్పాలిను కింద భార్య లక్ష్మణమ్మ దగ్గు నానాటికీ ముదురుతున్నది. సర్వేయరు వస్తాడనగా, ఆ ఉదయమే చింతపండూ కొబ్బరిపీచూ పట్టుకుపోయి, ఏళ్ల తరబడి పేరుకున్న పసుపును రాయి పొడుగునా తోమి కడిగేశాడు.

సర్వేయరు ఆ రాతిని చూసి ఏమిటని అడిగాడు.

"హద్దురాయండి," అన్నాడు జగన్నాధం.

ఉత్తరపు చేను సోములుది. వరసకు బావ. పక్కనే నిలబడి ఉన్న అతడు, తాతలనాటి నుంచీ అదే హద్దని వంత పాడాడు. రాతి నుంచి కొలత గొలుసు పరిచారు. అది సాగుతుండగా జగన్నాధానికి ఒక్కసారిగా స్ఫురించింది. చనిపోయినవారిని దక్షిణానికి తల పెట్టి పడుకోబెడతారు. తలాపున రాయి ఉన్నదంటే, అక్క ఒళ్లంతా రాతికి ఉత్తరాన ఉన్నట్టే. గొలుసు ఆమెను సోములు చేలోకి నెట్టివేస్తున్నది. అభ్యంతరమేమైనా ఉందా అని సర్వేయరు అడిగాడు. జగన్నాధం గట్టున దగ్గుతూ నిలబడిన లక్ష్మణమ్మ వైపు ఒకసారి చూసి, లేదని తల ఊపాడు.

ఉత్తర్వు వచ్చింది. గోడలు లేచాయి. గోడలతోపాటే మరొకటి మొదలైంది. మిట్టమధ్యాహ్నం మేస్త్రీలు అన్నాలకు వెళ్లినప్పుడు, నెత్తిన ముంతతో ఒక పిల్ల గట్టుమీద నిలబడినట్టు అతనికి కనిపించేది. రాయి దాకా వచ్చేది. దాటేది కాదు.

శ్లాబు పడిన వారంలో సోములు ఆ రాతికి అవతల మరుగుదొడ్డికి గొయ్యి తవ్వించబోయాడు. గునపం దెబ్బ విని జగన్నాధం పరుగున వెళ్లాడు.

"అక్కడొద్దు బావ. అక్కడ మా అక్కున్నాది."

"ఆ దినం సర్వేయరు అడిగితే హద్దురాయని సెప్పింది నువ్వే గదా," అన్నాడు సోములు, తాపీగా.

"మరి నీకూ తెలుసు గదా. నువ్వెందుకు ఔనన్నావు?"

"ఏటి బావ, ఇంటోడే నేదనీసిన మనిసిని, పక్కోడు ఉన్నాదని సెప్పాలా?"

కూలీలు మాత్రం ఆ మాట విన్నాక గునపం ముట్టలేదు. సోములు కూడా లోలోపల జంకి గొయ్యి మరోచోటికి మార్చాడు గాని, కలిసొచ్చిన భూమి వదల్లేదు. రాతి వెంబడే ముళ్లతీగ లాగించాడు. రాయి అతని వైపే ఉండిపోయింది.

గృహప్రవేశం నాడు లక్ష్మణమ్మ పసుపుపళ్లెం, చీర పట్టుకొని సోములు వాకిట నిలబడి అడిగితే, అతడు కాదనకుండా వచ్చి తీగ ఎత్తిపట్టాడు. ఆమె పూసిన పసుపు తోమిన రాతిమీద నిలవక, నీళ్లతో పాటు జారిపోయింది. జగన్నాధం తీగకు ఇవతలే ఆగిపోయాడు.

"అక్కకి సెప్పవా?" అని అడిగింది లక్ష్మణమ్మ.

"ఇల్లు కట్టీసినాక ఏటని సెప్పమంతావు?"

ఆ ఇంటికి ఉత్తరపు గోడలో కిటికీ పెట్టించలేదు. గాలి రాదని మేస్త్రీ ఎంత చెప్పినా అతడు వినలేదు. అయినా ఎండ నడినెత్తికి వచ్చే వేళ, అంబలి ముంత నేలమీద దింపిన చప్పుడు ఆ గోడ వెనుకనే వినిపిస్తుంది. జగన్నాధం తింటున్న ముద్ద ఆపి, అక్క లోపలికి వస్తుందేమోనని చాలాసేపు ఎదురుచూస్తాడు.