తొందరపడి చెప్పిన స్వస్థత

సహోదరీ సహోదరులారా, తలుపు మూస్తే చాలు, మా అమూల్య గోడకేసి తల బాదుకునేది! విమానాశ్రయం కొత్తగా తెరిచిన రోజులవి, నేను అక్కడ ఊడ్చే పనికి పోయేదాన్ని, తల్లిదండ్రులు లేని ఆ పదేళ్ల పిల్లను ప్రభుత్వం సాతంరాయిలో మా ఇంటికి పెంపకానికి ఇచ్చింది, అంతకుముందు ఎవరో గదిలో వేసి తాళం పెట్టేవారట, ఎంత దుర్మార్గం! ఇలాంటి పిల్లలకు వెంటనే వైద్యం చేయించడానికి రాష్ట్ర ప్రభుత్వం గ్రాంటు ఇస్తుందని తెలిసి పిల్లల సంక్షేమ ఆఫీసులో దరఖాస్తు పెట్టాను. రేపు రా, మాపు రా అంటూ నెలల తరబడి తిప్పించుకున్నారు.

మన సంఘంలో ఒక అలవాటుంది కదా, అడిగింది దొరకకముందే దొరికిందని విశ్వాసంతో సాక్ష్యం చెప్పేస్తాం. నా ప్రార్థనకు బలం లేదంటారేమోనని నేనూ ఒక ఆదివారం లేచి, అమూల్య స్వస్థపడిందన్నాను. మీరంతా చప్పట్లు కొట్టారు. ఆ వారమే ఆఫీసు మనిషి విచారణకు వస్తే, నేను పనిలో ఉన్నాను, పక్కింటి సుగుణక్క సంతోషంగా నా మాటే అతనికి చెప్పింది. అంతే, ఫైలు మూసేశారు!

ఆఫీసుకు పరుగెత్తిపోతే గుమస్తా తలెత్తలేదు. "చర్చిల నువ్వే బాగైందని చెప్పినవంట గద, ఇగ గ్రాంటెందుకమ్మా? ఉత్తగ పరేషాన్ చెయ్యకు" అన్నాడు. నా ఒళ్లు మండిపోయింది. పిల్లను ఒక్కసారైనా చూడకుండా రాసేస్తారా? చూసి రాయడానికే కదా జీతం!

ఇంటికొచ్చి, వాళ్లను శిక్షించమని అడగడానికే మోకరించాను. నోటికి వేరే మాట వచ్చింది. "ప్రభువా, ఇజ్జత్ కోసం అబద్ధమాడిన. పిల్లకు బాగైతలేదు. నన్ను సిగ్గుపరచినా మంచిదే, దాన్ని మాత్రం ఇడువకు."

తర్వాతి ఆదివారం ఇక్కడే లేచి, నేను చెప్పింది నిజం కాదన్నాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆరాధన అయ్యాక సుగుణక్క నా చెయ్యి పట్టుకుని, "నడువు చెల్లె, నేను చెప్పిన మాట నేనే వాపస్ తీసుకుంట" అంది. సోమవారం మా ఆడవాళ్ల కూడిక అంతా అమూల్యతో ఆఫీసుకు పోయి కూర్చున్నాం. ఎవరో తలుపు వేశారు, పిల్ల గోడవైపు దూకింది, నేను పట్టుకునేలోపే నుదురు చిట్లింది. ఆ గుమస్తానే లేచి తలుపు తెరిచాడు. మూసేసిన ఫైలు తనే మళ్లీ బయటికి తీశాడు.

ఆ నెలలోనే గ్రాంటు వచ్చింది! దవాఖానలో డాక్టరమ్మ వారం వారం ఓపికగా కూర్చుని దాన్ని మాట్లాడించింది. దేవునికే మహిమ! పూర్తిగా తగ్గిందని మాత్రం చెప్పను, ఇప్పటికీ ఒక్కోసారి ఉలిక్కిపడి లేస్తుంది. సహోదరులారా, తగ్గకపోతే తగ్గలేదనే చెప్పండి, మన దేవునికి మన అబద్ధాల ఆసరా అక్కర్లేదు. ఆ ఆఫీసు బల్లల మీద ఇంకా ఎందరు పిల్లల ఫైళ్లు మూతపడి ఉన్నాయో! మంగళవారం మళ్లీ పోతున్నాం. ప్రభువును నమ్మిన వాళ్లు నాతో రండి.