కుట్టేసిన పేజీలు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఈ మాట ముందే చెప్పడం నయం, ఎందుకంటే చివరికొచ్చేసరికి మీరు నన్ను అడగబోయేది అదే. ఎమ్మిగనూరులో ముప్పై ఏళ్ళు చిన్నపిల్లలకు చదువు చెప్పాను. మా వీధిలో ఎవరికైనా పూనకం వచ్చిందంటే, ఆమె పొద్దున అన్నం తిన్నదా లేదా అని ముందు అడిగేదాన్ని. "నీ నోటికి దయ్యాలు కూడా జడుస్తాయి" అనేవాడు మా ఆయన. ఆయన మగ్గం నేసేవాడు. నేను చెప్పబోయే సంగతిలో ఆయన మగ్గం మీది నూలు కూడా ఉంది.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది శ్రావణంలో మాకు పాప పుట్టింది. పంతొమ్మిది రోజులు బతికింది. ఇరవై ఒకటో రోజు తొట్లెలో వేసి పేరు పెట్టాలనుకున్నాం. పేరు నేను మనసులో ఎప్పుడో అనుకున్నాను గానీ ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా చెప్పలేదు. తొట్లెలో వేసినాకనే అందరూ వినాలని నా పంతం. ఆ రోజు రాలేదు.

చివరి నాలుగు రోజులు ఆదోనిలో ఆసుపత్రి వరండాలో ఒక బల్ల మీద ఉన్నాను. అదే బల్ల మీద మెహరున్నీసా అనే ఆమె తన కొడుకును ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉండేది. నాకంటే చిన్నది, ఐదో తరగతి దాకా తెలుగు చదువుకుంది. వాళ్ళ బాబు మా పాప కంటే ఒక్క రోజు ముందు పోయాడు. ఇద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు. వచ్చేటప్పుడు ఆమె నా అడ్రసు అడిగింది.

ఇంటికొచ్చాక ఆ మాట ఎత్తనివ్వలేదు ఎవరూ. ఎత్తితే మళ్ళీ కడుపు నిలవదని మా అత్త భయం. మెహరున్నీసా ఇంట్లోనూ అంతే. అందుకని ఉత్తరాలు రాసుకున్నాం. ఉత్తరాలు ఇంట్లోవాళ్ళు చదువుతున్నారని ఒక బౌండు పుస్తకం పెట్టాం. ఆమె భర్త ఖాదర్ బస్సు డ్రైవరు. పెద్దకడుబూరు మీదుగా ఆదోని నుంచి మా ఊరికి వచ్చే బస్సు ఆయనది. సీటు కింద రేకు పెట్టెలో పుస్తకం పెట్టుకుని వచ్చి ఇచ్చి పోయేవాడు, ఒక్కనాడూ తెరిచి చూడలేదు.

మెల్లగా మరికొందరు చేరారు, అందరూ బిడ్డ పోయిన తల్లులే. దేవనకొండ నుంచి రూతమ్మ అనే ఆమె రాసేది, చర్చి బడిలో చదివిన మనిషి, అక్షరాలు ముత్యాల్లా ఉండేవి. ఆరుగురం అయ్యాం. రెండు నెలలకోసారి పుస్తకం అందరినీ చుట్టి నా దగ్గరికి చేరేది. నేను టీచర్ని కాబట్టి పెత్తనం నాదే. పేజీలకు నంబర్లు వేసేదాన్ని, చిరిగినచోట అంటించేదాన్ని, ఎవరైనా మరీ కుంగిపోతే ముందు నేనే జవాబు రాసేదాన్ని. ఆ పుస్తకం లేకపోతే నేను ఏ బావిలోనో పడి ఉండేదాన్ని. ఇది మాటవరసకు అనడం లేదు.

మూడో ఏట ఈరమ్మ వచ్చింది. పెద్దకడుబూరు దగ్గర ఒక పల్లె ఆమెది, పత్తి చేలలో కూలికి పోయేది. ఖాదర్ బస్సు ఎక్కి, ఈ పుస్తకం గురించి ఎవరి దగ్గర విన్నదో ఏమో, నన్ను కూడా రాయనియ్యన్నా అని బతిమాలిందట. పాపం రాయనిద్దాం అంది మెహరున్నీసా. సరేనన్నాను.

ఈరమ్మ పెన్సిలుతో రాసేది. పెద్ద పెద్ద అక్షరాలు, గీతల మీద నిలవవు. తన బిడ్డల గురించి ఒక్క ముక్క రాసేది కాదు. మా బిడ్డల గురించి రాసేది, వాళ్ళు పెరుగుతున్నట్టు.

"మెహరున్నక్కా, నీ కొడుక్కి రెండున్నరేండ్లు. ఈపాటికి బస్సు సద్దు వింటే వాకిట్లోకి ఉరుకుతాంటాడు." "రూతక్కా, నీ బిడ్డకు నాలుగు నిండినాయి, తల నున్నగా దువ్వి జడెయ్యి." ప్రతిసారీ అందరి పేర్లూ, అందరి బిడ్డల వయసులూ. నెల కూడా తప్పేది కాదు.

మొదట ఓర్చుకున్నాం. తర్వాత మెహరున్నీసా పుస్తకం తిరిగిచ్చేటప్పుడు మా ఇంటికే వచ్చింది. "అక్కా, ఆమె రాసింది సూసినాక రెండు దినాలు నాకు అన్నం పోలేదు. బస్సు హారను ఇంటే వాకిలి తట్టు సూస్తాండా. ఆ పేజీలు నాకు కనపడకుండా సెయ్యి" అంది. రూతమ్మ కూడా మర్యాదగా అదే రాసింది.

వాళ్ళ మీదికి తోయడం న్యాయం కాదు. అసలు కారణం నాది. ఆ సారి ఈరమ్మ నాకు రాసింది ఇది. "టీచరమ్మా, నీ పాపకు మూడేండ్లు కావస్తాండాయి. ఇంగ రెండేండ్లకు నీ బడికే వస్తాది. బడిలో ఏ పేరు రాస్తావు?"

అది చదివి నాకు ఒళ్ళు మండిపోయింది. ప్రతి జూన్‌లో ఐదేళ్ళు నిండిన పిల్లల పేర్లు రిజిస్టర్లో రాసేది నేనే. ఆ నెల వస్తుందంటే నాకెంత భయమో ఎవరికీ తెలియదు, ఈమె వేలు పెట్టి అక్కడే పొడిచింది. ఆమెను మానుకోమని చెప్పే ధైర్యం లేక, పుస్తకం నుంచి తీసేసే మనసు రాక, నేను ఒక పని చేశాను. ఆమె రాసిన పేజీలను ఒకదానికొకటి కలిపి మూడు పక్కలా కుట్టేశాను. మా ఆయన అప్పుడు నేస్తున్న చీర మీది ఆకుపచ్చ నూలుతో కుట్టి, మగ్గం మీద తెగిన పోగును అతికేటప్పుడు వేసే ముడి వేశాను. చదవొద్దనుకునేవాళ్ళు దాటేసి పోవచ్చు. కుట్టేముందు మొత్తం చదివాను. ఆమె రాత పేజీలో సగం దాకానే ఉంది. కింద సగం ఖాళీ. ఇది గుర్తుపెట్టుకోండి.

పుస్తకం చుట్టి ఈరమ్మ దగ్గరికి కూడా పోతుంది కదా, చూస్తే గొడవ చేస్తుందనుకున్నాను. చూసే ఉంటుంది. ఒక్క మాట అనలేదు. తర్వాతి సారి పుస్తకం వచ్చినప్పుడు, తను కొత్తగా రాసిన పేజీలను తనే కుట్టి పంపింది. ఎర్ర దారం, గోనెసంచికి వేసినట్టు దూరం దూరంగా కుట్లు. నాకు శ్రమ తప్పించింది.

అప్పుడైనా నేను సిగ్గుపడి ఉండాల్సింది. పడలేదు. విప్పి చదవలేదు కూడా. ఆ తర్వాత దాదాపు రెండేళ్ళు ఆమె రాస్తూనే ఉంది, కుట్టి పంపుతూనే ఉంది. మేం ఆరుగురం ఆ ఎర్ర కుట్ల మీదుగా ఒకరికొకరం రాసుకున్నాం. ఎవరూ ఆమె పేరెత్తలేదు. పుస్తకం మళ్ళీ ప్రశాంతంగా ఉందని రూతమ్మ రాస్తే నేను సంతోషించాను.

ఐదో ఏట ఆషాఢంలో పుస్తకం వచ్చింది. కొత్తగా ఎర్ర కుట్లు లేవు. ఈరమ్మ వంతుకు ఏమీ రాయలేదు. పీడ విరగడయింది అనుకున్నాను. ఆ మాట నా మనసులో అనుకున్నది నిజం, దాచను.

ఖాదర్ గడపలోనే నిలబడి ఉన్నాడు, పోలేదు. "టీచరమ్మా, ఆ ఈరమ్మ పోయి నెలన్నర ఆయనంట. జొరమొచ్చి పోయిందంట. మొన్న పుస్తకం ఇద్దామని పోతే ఇల్లు తాళమేసి ఉండాది. పక్కింటోళ్ళు సెప్పినారు" అన్నాడు. మళ్ళీ, "ఆ యమ్మ ఎప్పుడు బస్సు కాడికొచ్చినా ఒకటే అడిగేది. అన్నా, నాకేమన్నా రాసినారా అని. నాకు సదవను రాదు కదా, రాసింటారులేమ్మా అని సెప్పేవాణ్ణి" అన్నాడు.



ఆ రోజు ఆదివారం. పట్టపగలు, పన్నెండు దాటింది. మా ఆయన నూలు తేవడానికి పోయాడు, అత్త పక్కింట్లో ఉంది. తలుపు బార్లా తీసి ఉంది, వీధిలో మగ్గాల చప్పుడు వినిపిస్తూనే ఉంది. పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. ఏదైనా రాయాలనిపించింది. రెండేళ్ళు ఆలస్యంగా ఆమె అడిగినదానికి జవాబు రాశాను, చిట్టచివరి రాతల కింద, నా ఇంకు పెన్నుతో. "ఈరమ్మా, మా పాపకు నేను అనుకున్న పేరు మందాకిని" అని. ఆ పేరు కాగితం మీద పెట్టడం అదే మొదలు. నోటితో కూడా ఎన్నడూ అనలేదు.

ఇంకు ఆరేదాకా ఏడ్చాను. తర్వాత మా ఆయన కత్తెర తెచ్చి కుట్లు తెంపడం మొదలుపెట్టాను.

ముందు ఎర్ర కుట్లు. లోపల ఎప్పటి మాదిరే అందరి బిడ్డల వయసులు. అయితే చివరి పేజీల్లో మొదటిసారి తన సంగతి రాసుకుంది. ముగ్గురు పోయారట ఆమెకు. "మీ బిడ్డలు మూడేండ్లు, నాలుగేండ్లు అని లెక్కపెట్టుకుంటే నా బిడ్డలు వాళ్ళతో ఆడుకుంటాంటారు అనిపిస్తాది. మీకు కష్టంగా ఉంటే సదవొద్దండి. నన్ను రాసుకోనియ్యండి సాలు." నేను నోట్లో కొంగు కుక్కుకున్నాను.

ఇక మిగిలింది నేను కుట్టిన పేజీలు. అవి నేను చదివినవే. ఆమె రాత మీద కుట్టు అనేది లేకుండా చెయ్యాలనే విప్పాను, చదవాలని కాదు. నా ముడి నా కళ్ళతో చూశాను, వేసినది వేసినట్టే ఉంది. ఆకుపచ్చ దారం దుమ్ము పట్టి ఉంది. కత్తిరించి పేజీలు విడదీశాను.

రెండేళ్ళ కింద ఖాళీగా వదిలిన సగం పేజీలో పెన్సిలు రాత ఉంది. గీతల మీద నిలవని పెద్ద అక్షరాలు.

"మందాకినికి ఈ శ్రావణానికి ఐదు నిండుతాయి. సెప్పినావు కదమ్మా, సంతోషం. బడిలో ఏసుకో."

నేను చేయగలిగిన విచారణ అంతా చేశాను. ఆ పేజీలు విప్పి మళ్ళీ కుట్టి ఉంటారా అని చూశాను. సూది బెజ్జాలు నేను వేసినన్నే ఉన్నాయి. ఆ ఆకుపచ్చ నూలు ఆ ఒక్క చీరకే అద్దినది, మళ్ళీ మా ఇంట్లోకి రాలేదు. మా ఆయన్ను అడిగాను, పాపకు ఏ పేరు అనుకున్నావు అని. ఐదేళ్ళలో మొదటిసారి. ఆయన మగ్గం ఆపాడు. తర్వాత వేరే పేరు చెప్పాడు, వాళ్ళ అమ్మమ్మ పేరు. ఎవరైనా నేను రాసింది చూసి రాశారనుకుందామన్నా, నేను ఆ పేరు రాసి అప్పటికి గంట కూడా కాలేదు.

మెహరున్నీసా వచ్చి చూసింది. ఎర్ర కుట్ల పేజీలన్నీ మొదటి నుంచి చదివింది. ఏదైనా అంటుందేమో అని చూశాను. ఆ పెన్సిలు అక్షరాల మీద చెయ్యి పెట్టి, "మనమే సదవకపోతిమి కదక్కా" అంది. ఆ మాట తర్వాత ఆ పుస్తకంలో ఎవరి పేజీనీ కుట్టలేదు. ఈరమ్మ ముగ్గురు పిల్లల వయసులు మెహరున్నీసా రాసేది, ఎనభైల చివర పుస్తకం నిండిపోయేదాకా.

అది ఇప్పుడు నా దగ్గరే ఉంది. పెన్సిలు కొంచెం వెలిసింది. అయినా చదవడానికి వస్తుంది. దయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను. ఆ మూడు ముక్కలు అక్కడికి ఎట్లా వచ్చాయో కూడా చెప్పలేను. చెప్పగలిగినవాళ్ళు ఎవరైనా ఉంటే వినాలనే ఉంది.

రిజిస్టర్లో నేను ఆ పేరు రాయలేదు. లేని బిడ్డను రాయడం తప్పు, ఉద్యోగం పోతుంది. కానీ ఆ ఏడాది ఒకటో తరగతికి హాజరు పిలుస్తూ చివరి పేరు అయ్యాక రిజిస్టరు మూయలేకపోయాను. ఒక్క క్షణం ఆగాను. మరుసటి ఏడాది రెండో తరగతిలోనూ ఆగాను. "ఇంగ ఎవురున్నారు టీచర్?" అని ముందు వరసలో పిల్ల అడిగింది. ఎవరూ లేరని చెప్పాను. ఐదో తరగతి అయిపోయేదాకా రోజూ అట్లాగే ఆగేదాన్ని. ఎవరూ పలకలేదు. పలుకుతారని నేను అనుకోలేదు కూడా. ఆగకుండా ఉండటం మాత్రం నాకు చేతకాలేదు.