దున్నకుండా నిలబెట్టిన జనుము

మా తమ్ముడు పోయిన కబురు తెల్లవారుజామున మరదలు ఫోన్ చేసి చెప్పింది. "వదినా, లేపితే లేస్త లేడు" అంది. నిద్రలోనే గుండె ఆగిపోయింది. నేను అప్పుడే స్నానం చేసి దీపం ముందు కూర్చున్నాను. అగ్గిపెట్టె పక్కన పెట్టేశాను.

అంతకు ముందురోజు ఉదయం ఎప్పటిలాంటిదే. తెలంగాణ కోసం తరచూ బంద్‌లు జరిగే కాలం, ఆ రోజు మాత్రం లేదు. నర్సాపూర్ మీదుగా పట్నం పోయే బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్లింది. పాలు పొంగుకొస్తుంటే వాకిట్లో స్కూటర్ ఆగిన చప్పుడైంది. తమ్ముడు చెప్పులు విడిచి నేరుగా వంటింట్లోకి వచ్చి, పూజ గూటి పక్క గూట్లోంచి స్టీలు డబ్బా దించాడు. అందులోంచి పిడికెడు జనుము గింజలు తీసి, తడిపిన తెల్లగుడ్డలో పరిచి, చాపలా చుట్టి, కిటికీ పక్క మేకుకు కట్టాడు. వానలకు ముందు ఏటా చేసే మొలక పరీక్ష అది.

"మీ ఇంట్ల మేకు లేదారా?" అన్నాను.

"మేకున్నది. యాది పెట్టుకోని నీళ్లు చల్లేటోళ్లు లేరు. నువ్వైతే దేవునికి చల్లినట్టు చల్తవ్."

చాయ్ సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ తాగాడు. కిటికీలోంచి మబ్బు చూశాడు. "పక్క పొలం చాచాను ఇంక కలవలే అక్కా. జనుము ఎయ్యొద్దని చెప్పాలె, రేపు పోత" అన్నాడు. ఆ రేపటికి అతను లేడు.

మా తమ్ముడు వ్యవసాయ శాస్త్రవేత్త. నార పంటల మీదే చాలా ఏళ్లు పనిచేశాడు. మా దిక్కు రైతులకు జనుమంటే పచ్చిరొట్ట. వేస్తారు, పూత రాగానే దున్నేస్తారు, పొలానికి బలం. తమ్ముడికి మాత్రం జనుమంటే తాడు, కాగితం, బట్ట. ఎండు తెగులు తగిలి చేనంతా వాలిపోతే, వాలకుండా నిలబడ్డ మొక్కలు వెతుక్కుంటూ తిరిగేవాడు. వాటికి గుర్తుగా కట్టడానికి నా పూజ గూట్లోని ఎర్రదారం ఎత్తుకుపోయేవాడు. కలుపు తీసే ఆడవాళ్లు ఊరుకునేవారు కాదు.

"సారూ, ఏ దేవునికి మొక్కినవ్? గిన్ని ముడుపులు కడ్తున్నవ్!"

"ఏడుపాయల అమ్మకే. మా అక్క దారం గిది, ఉత్తగ పోదు" అనేవాడు.

అలా ఏటా నిలబడ్డ వాటి గింజే తీసి, మళ్లీ అదే వేసి, ఒక రకాన్ని తయారు చేసుకున్నాడు. ఇంతలో అంగట్లోకి నైలాన్ తాళ్లు వచ్చాయి. అతను పనిచేసే చోట నార విభాగం ఎత్తేసి, అతన్ని వేరే పంటకు మార్చారు. ఆ గింజ కావాలని ఎవరూ అనలేదు. ఇంటికి తెచ్చుకుని ఊరి బయట మా చేనులో వేయడం మొదలుపెట్టాడు.

అంగడికి పోతే తాళ్ల దుకాణం ముందు ఆగకుండా ఉండలేడు. ఒక తాడు రెండు చేతులకూ చుట్టుకుని బలంగా లాగేవాడు. దుకాణమాయన నవ్వేవాడు. "సార్, నువ్ తాడు కొనవ్, గుంజి సూసి పోతవ్ గంతే."

ఒకసారి నార కట్ట చంకన పెట్టుకుని పట్నంలో ఒక కాగితం ఫ్యాక్టరీకి వెళ్లాడు. వాళ్లు నార బాగుందన్నారట, లారీల కొద్దీ ఇవ్వగలవా అన్నారట. ఇతని దగ్గర ఉన్నది ఒక గోనె సంచి. నాకు చెబుతూ తనే నవ్వాడు. "అడిగేటోడు ఉన్నడని తెల్సింది కద అక్కా. అడిగిన్నాడు గింజ లేదనొద్దు, గంతే" అన్నాడు. ఆ 'గంతే' కోసమే మిగతా బతుకంతా.

జనుము పూతకు తుమ్మెదలు వస్తాయి. పక్క పొలంలో వేరే జనుము ఉంటే పూతలు కలిసిపోతాయి, రకం చెడిపోతుంది. అందుకే చుట్టుపక్కల రైతుల ఇళ్లకు వెళ్లి, జనుము బదులు జీలుగ వేయమని బతిమాలి, జీలుగ గింజలు తనే ఇచ్చి వచ్చేవాడు. అదీ పచ్చిరొట్టే, వాళ్లకు నష్టం లేదు.

పోయినేడు మా జనుము పూతకొచ్చే వేళకు, ఊళ్లో అందరూ చాచా అని పిలిచే ముసలాయన మా పక్క పొలం కొత్తగా కౌలుకు తీసుకున్నాడు. తమ్ముడు ఆయనకు గింజ సంగతి చెప్పేలోపే పని మీద పట్నం వెళ్లాడు. తెలంగాణ కోసం బంద్ మొదలైంది, బస్సులు ఆగాయి, అక్కడే చిక్కుకుపోయాడు. చాచా తన పొలంలోకి ట్రాక్టర్ పిలిపించి, సార్ లేడు, అదును పోతుందని మా చేనూ దున్నించేశాడు. తమ్ముడు వచ్చేసరికి పసుప్పచ్చ పూలన్నీ మట్టిలో కలిసిపోయి ఉన్నాయి.

"మీది సుత కొట్టించిన సార్. ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడట చాచా సంతోషంగా.

తమ్ముడు గట్టు మీద కూర్చున్నాడు. అది గింజ కోసం నిలబెట్టిన చేనని అప్పుడు చెప్పాడు. ముసలాయన తల పట్టుకుంటే, "తప్పు నీది కాదు చాచా. జనుమును పూత దాటినంక ఎవడన్న నిలబెడ్తడా, నా అసొంటి పిచ్చోడు తప్ప" అన్నాడు. ఇంటికొచ్చి, ముందేటి గింజలో మిగిలింది నా గూట్లో ఉంటే ఆ డబ్బా ఒళ్లో పెట్టుకున్నాడు. "గిదొక్కటే మిగిలింది అక్కా. పాతదైతాంది. మొలుస్తదో మొల్వదో" అన్నాడు. వాడి గొంతులో భయం నేను విన్నది అప్పుడే. ఆ ఏడాదంతా, దీపం పెట్టినప్పుడల్లా నా చూపు ఆ డబ్బా మీదికే పోయేది.

అతను పోయిన రోజు, ఆ తర్వాతి రోజు దీపం పెట్టలేదు, మైల. గుడ్డ మీద నీళ్లు మాత్రం చల్లాను. ఎక్కడెక్కడి నుంచో నార పంటల వాళ్లు ఫోన్లు చేశారు. కొందరి భాష నాకు తెలియదు. ఏడుపు తెలిసింది.

మూడో దినం మధ్యాహ్నం మంచి వాన పడింది. మా ఇంట్లో దినాలయ్యే దాకా విత్తనం వేయము. అప్పటికి పదును ఆరిపోతుంది. పైగా చాచా తన పొలంలో మర్నాడే జనుము చల్లుతాడని మా చిన్న తమ్ముడు విని వచ్చాడు; జీలుగ మాట ఆయనకు ఇంకా ఎవరూ చెప్పలేదు. పెళ్లి చేసుకోకుండా ఈ ఇంట్లోనే ఉండిపోయిన పెద్దదాన్ని. మరదలూ చిన్నోడూ ఇద్దరూ నా మొహం చూశారు.

"చాచానే వేయమందాం. ఆయనకు మైల లేదు" అన్నాను.

"పోయినేడు దున్నిన చేతులే కద అక్కా! మళ్ల గాయనకే ఇస్తవా?" అన్నాడు చిన్నోడు.

మరదలు తల ఎత్తకుండానే అంది: "ఆయనుంటే గిదే చేస్తుండె."

మేకు నుంచి గుడ్డ దించి విప్పాను. అన్నీ మొలవలేదు. మొలిచినవే ఎక్కువ.

చాచాను పిలిపించాం. వాకిట్లోనే ఆగి, "బిడ్డా, నాతోని అయితదా? ఈసారి సుత పోతె నేను బతకలేను" అన్నాడు. మొలకల గుడ్డ తెచ్చి ఆయన ముందు పరిచాను.

ఆ సాయంత్రం మేం అనుకున్నది ఇది. మా గింజ చాచా చేతితో పడుతుంది. ఆయన పొలంలో జీలుగ వేస్తాడు; తమ్ముడు కొనిపెట్టిన సంచి మరదలు దగ్గరే ఉంది. దినాలయ్యాక మిగతా ఇళ్లకు చిన్నోడు వెళ్లి అడుగుతాడు. చేను చుట్టూ కట్టెలు పాతి ఎర్రదారం కట్టాలి, ట్రాక్టర్ తోలేవాడికి దూరం నుంచే కనపడాలి. చాచా భుజం మీది రుమాలు తీసి అరుగు మీద పరిచాడు. డబ్బాలో గింజంతా అందులో కుమ్మరించాను. మైలని తెలిసినా, పూజ గూట్లోంచి ఎర్రదారపు ఉండ తెచ్చి దానిపైన పెట్టాను.