బందెలదొడ్డి తాడుకు ఇవతల

మంగళవారం ఉదయం ఆరుంబావుకు కోవిల్‌పట్టి నుంచి మా తోడికోడలు ఫోను చేసింది. "అక్కా, ఆయన లేయలేదు" అంది. గడియారం చూసి నోటుపుస్తకంలో టైము రాసుకున్నాను. అది కబురు వచ్చిన టైము. మనిషి పోయిన టైము ఎవరికీ తెలియదు కాబట్టి దాని ఎదురుగా ఖాళీ వదిలేశాను. ఆ పుస్తకంలో నేను ఖాళీగా వదిలిన గడి అదొక్కటే.

పోయింది మా మరిది, నా భర్త తమ్ముడు. కోవిల్‌పట్టిలో లేత్ షాపు నడిపేవాడు. మిల్లులకూ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలకూ విడిభాగాలు చేసి ఇవ్వడం అతని బతుకుదెరువు. షాపు వెనక రేకుల షెడ్డులో మాత్రం ఒంటి సీటు రేసు కారు ఒకటి ఉండేది. చేతికి వచ్చిన తీరికంతా దానికే పోసేవాడు. ఏడాదికి మూడు నాలుగుసార్లు దాన్ని లారీకెక్కించి కోయంబత్తూరు పక్కనున్న ట్రాక్‌కు తీసుకెళ్ళేవాడు. శుక్రవారం ప్రాక్టీసు, శనివారం క్వాలిఫయింగ్, ఆదివారం రేసు.

విరుదునగర్‌లో లెక్కల టీచరుగా పనిచేసిన నేను ఆ ట్రాక్ గోడ పక్కకు ఎలా చేరానో చెప్పాలి. ఒక దీపావళికి అతను మా ఇంటికి వచ్చి, బండి ఒక చుట్టు "సుమారుగా" నిమిషమున్నరలో తిరిగిందన్నాడు.

"సుమారుగా అంటే ఎంత?" అన్నాను.

"సుమారుగా అంటే సుమారే వదినే."

"మా ఇస్కూల్లో ఇట్లా సెప్పినోడు బెంచీ ఎక్కి నిలబడాల."

అతను నవ్వలేదు. మరుసటి వారమే రెండు స్టాప్‌వాచీలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నువ్వే రా వదినే. నా దగ్గర ఉండేవాళ్ళంతా సుమారు మనుషులే" అన్నాడు. అప్పటి నుంచి రెండు చేతుల్లో రెండు గడియారాలతో, ఒడిలో నోటుపుస్తకంతో ఆ గోడ పక్కన కూర్చున్నాను. తర్వాత కార్లకే టైము చెప్పే యంత్రాలు వచ్చాయి. ఇక నేనెందుకు అని అడిగితే, "మిషను సెప్పేది అందరికీ. నువ్వు సెప్పేది నాకు" అన్నాడు.

పనిలో అతనికి ఒకే శాసనం. బండిలో బోల్టు లేకుండా ఏదీ ఉండగూడదు. ఒకసారి పూజ చేసిన నిమ్మకాయను ఎవరో సీటు పక్కన పెడితే, తీసి వాళ్ళ చేతికే ఇచ్చి, "సామిని బయట ఉండమను. లోపల జాగా లేదు" అన్నాడు. రేసు రోజు మెకానిక్కులు టీకి వెళ్ళాక, ఒంటరిగా కారు చుట్టూ తిరిగి ఒక్కో బోల్టునూ వేలితో తాకేవాడు. బ్రేకు పెడలును మాత్రం రెండుసార్లు తాకేవాడు. "బ్రేకును నమ్మకుంటే యాక్సిలరేటరు తొక్కబుద్ధి కాదు వదినే" అనేవాడు. చేతులు కడుక్కున్నాకే వేరుశెనగల కడలమిట్టాయి ముక్క నోట్లో వేసుకునేవాడు.

నా మనవరాలికి కారు నడపడం నేర్పింది అతనే. తల్లి లేని పిల్ల అది. నా కొడుకు ఉద్యోగం ఊళ్ళు తిరిగేది. నాలుగేళ్ళ వయసు నుంచి ఆ పిల్ల నా దగ్గరే పెరిగింది. నా కట్టుదిట్టాలకు ఊపిరాడనప్పుడల్లా బస్సెక్కి కోవిల్‌పట్టి వెళ్ళి "సిన్నతాతా" అంటూ ఆ షెడ్డులో దూరేది. పంతొమ్మిదో ఏట అది రేసుకు దిగుతానంటే వద్దన్నాను. రెండు నెలలు వద్దన్నాను. చివరికి రేసు ఫారం మీద సాక్షి సంతకం చేసింది నేనే.

ఇక మూడేళ్ళ కిందటి ఆ మూడు రోజుల సంగతి.

శుక్రవారం ప్రాక్టీసు. పిల్ల నాలుగు చుట్లు గడియారంలా తిరిగింది. ఐదో చుట్టులో రావలసిన క్షణానికి కారు రాలేదు. వాచీ నడుస్తూనే ఉంది. నిమిషమున్నర అయింది. రెండు నిమిషాలయింది. ఆపడానికి బొటనవేలు రాలేదు. రెండు నిమిషాల పదకొండు సెకన్లకు, మలుపులో తిరగబడకుండా ఇసుకలోకి జారి ఆగిందని, పిల్లకు ఏమీ కాలేదని కబురు వచ్చింది. అది హెల్మెట్ తీసి నవ్వుతూ నడిచి వచ్చింది. నేను ఆ రోజు అన్నం తినలేదు.

మా అత్తగారింట్లో ఒక ఆచారం ఉండేది. మా మామగారు పందెపు ఎడ్లను బండికి కట్టేముందు, ఇంటి పెద్ద ఆడమనిషి మా చేనిలోని నల్లమన్ను పిడికెడు తీసి పసుపుగుడ్డలో మూట కట్టి ఎద్దు మెడకు వేసేది. పందేనికి పోయిన ఎద్దును ఆ మన్ను మళ్ళీ చేనికి తీసుకొస్తుందని నమ్మకం. ఇవన్నీ అర్థంలేనివని ముప్పై ఏళ్ళు పిల్లలకు చెప్పినదాన్ని నేను. అయినా బయలుదేరే రోజు పిడికెడు మన్ను నా పాత పసుపుచీర ముక్కలో కట్టి సంచిలో పెట్టుకున్నాను. కట్టాలని కాదు, ఊరికే ఉండనీ అని. శనివారం ఉదయం అందరూ టీకి వెళ్ళి, మరిది బోల్టులు తాకడం కూడా ముగించి వెళ్ళాక, కారులోకి వంగి, పిల్ల మోకాళ్ళ కింద వచ్చే ఇనుప గొట్టానికి ఆ మూటను దారంతో కట్టాను. మూడు ముళ్ళు వేశాను.

క్వాలిఫయింగ్‌లో పిల్ల రెండో స్థానం, అంటే ఆదివారం రేసులో రెండోదిగా బయలుదేరే చోటు, తెచ్చుకుంది. ఆ స్థానం విలువ చిన్నది కాదు. చెన్నై టీము మేనేజరు ఒకాయన వచ్చి ఉన్నాడు. ఆదివారం మొదటి మూడు స్థానాల్లో వచ్చేవాళ్ళలో ఒకరికి మరుసటి ఏడు తన కారు ఇస్తానన్నాడు. మా రేకుల షెడ్డు నుంచి అంత దూరం వెళ్ళే దారి మళ్ళీ తెరుచుకునేది కాదు.

క్వాలిఫయింగ్ అయిన కార్లను వెంటనే తాడు కట్టిన ఆవరణలోకి తోస్తారు. రేసు మొదలయ్యేదాకా సొంతదారు కూడా తాకకూడదు. దానికి ఇంగ్లీషులోనో ఫ్రెంచిలోనో ఒక పేరుంది. మా మరిది మాత్రం దాన్ని బందెలదొడ్డి అనేవాడు. పరాయి చేనులో పడ్డ గొడ్లను కట్టేసే చోటు లాంటిదే కదా.

మనవరాలు నా పక్కన కూర్చుని బూట్లు విప్పుతూ, "లాస్ట్ రౌండులో మడమ కింద ఏదో తగిలినట్టుండె అవ్వా. సుమ్మా బ్రమేమో" అంది.

భ్రమ కాదు. దారం తెగింది. మూట పాదాల దగ్గరికి జారింది.

లేచి తాడు దాకా వెళ్ళాను. కారు పది అడుగుల దూరంలో ఉంది. కాపలా మనిషి తమిళంలో "అవ్వా, ఇంతకు మించి రాకూడదు" అన్నాడు. నాలుగు గంటలకు వాన పడింది. కార్ల మీద పట్టాలు కప్పారు, అయినా పట్టా అంచు నుంచి నీళ్ళు లోపలికి కారుతున్నాయి. మా నల్లమన్ను సంగతి నాకు తెలుసు. ఎండితే రాయి. తడిస్తే ఉబ్బి, జిగురై, చెప్పుకు అంటుకుంటే కాలు లేవనివ్వదు. అది బ్రేకు పెడలు కిందకు చేరితే?

చెబితే కారు తెరవాలి. తెరిస్తే పిల్ల అందరికన్నా వెనక, కార్లను బాగుచేసే పిట్ దారి నుంచి బయలుదేరాలి. చెన్నై కారు పోతుంది. చెప్పకపోతే పిల్లే పోవచ్చు. లెక్క చాలా తేలిక. ఏ తరగతి పిల్లవాడైనా చేస్తాడు. అయినా ఆ తాడు పట్టుకుని వానలో నలభై నిమిషాలు నిలబడ్డాను. లోపల కట్టేసినది కారునో నన్నో అప్పుడు నాకు తెలియలేదు.

మరిది గొడుగు పట్టుకుని వచ్చాడు. "ఏంది వదినే, రెండు గడియారాలూ నిలిచిపోయినాయా?"

చెప్పేశాను. కోప్పడతాడనుకున్నాను. "ఎన్ని ముళ్ళు ఏసినావు?" అన్నాడు.

"మూడు."

"బోల్టు అడిగింటే ఇచ్చిందునే" అన్నాడు. గొడుగు నా మీదకు జరిపి, "ఈ మాట నీ నోట రాగూడదు. కట్టింది నేను. సరియా?" అన్నాడు.

"అదెట్లా? నీ పేరేం కావాల?"

"నా మీద కోపమొస్తే పాప విరుదునగర్‌లో నీ దగ్గర ఉంటాది. నీ మీద కోపమొస్తే యాడికి పోతాది? దానికి ఉండేది నువ్వొక్కతివే. మాట ఇయ్యి వదినే."

ఇచ్చాను.

అధికారి ఎదుట కారు తెరిచారు. బ్రేకు పెడలు మొదలు దగ్గర నల్లగా ముద్దై కూర్చుని ఉంది. అధికారి దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, ఇదేమిటని తమిళంలో అడిగాడు. మా చేని మన్ను, నేనే కట్టాను, తప్పు నాదే అన్నాడు మా మరిది. "ఇన్నేళ్ళ మెకానిక్కువి, నువ్వా?" అని అధికారి నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మనవరాలు నవ్వలేదు.

"బోల్టు మాటంతా మాకేనా సిన్నతాతా?" అంది.

అతను తల వంచుకున్నాడు. నేను అక్కడే ఉన్నాను. రెండడుగుల దూరంలో ఉన్నాను.

ఆదివారం పిల్ల అందరికన్నా వెనక బయలుదేరి ఆరో స్థానంలో వచ్చింది. ఆఖరి చుట్టు శనివారం చుట్టుకన్నా వేగం. మరిది గోడ దగ్గరికి వచ్చి "ఎంత వదినే?" అన్నాడు. వాచీ తిప్పి చూపించాను. చూసి తల ఊపాడు. చెన్నై ఆయన మరొకరితో కరచాలనం చేసి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత మనవరాలు ఆ షెడ్డులో అడుగు పెట్టలేదు. మదురైలో ఒక కార్ల సర్వీసు సెంటర్‌లో చేరింది. ఆదివారాలు ఇంటికి వచ్చినప్పుడు చిన్నతాత పేరెత్తితే కంచం తీసుకుని లేచిపోయేది. ట్రాక్ దగ్గర మాత్రం అతన్ని చూసిన ప్రతివాడూ, "అన్నా, ఈ తడవ ఎంత మన్ను తెచ్చినారు?" అనేవాడు. "సాలినంత తెచ్చినా" అని అతనూ నవ్వేవాడు. నేను గడియారం వైపు చూస్తూ కూర్చునేదాన్ని. చెప్పేస్తానని రెండుసార్లు ఫోను చేసి అడిగాను. రెండుసార్లూ "మాట ఇచ్చినావు" అన్నాడు. మాట ఇచ్చాను గనక ఊరుకున్నానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. సరిగా చూస్తే అది సాకు. భయపడి ఊరుకున్నాను. అతను ఇప్పించుకున్న మాట వెనక దాక్కోవడం నాకు సుఖంగా ఉంది, ఊపిరాడకుండానూ ఉంది.

మా వైపు పదహారో రోజున చేసే కర్మ అయ్యాక తోడికోడలు షెడ్డు తాళంచెవి మనవరాలి చేతిలో పెట్టింది. "నీకే ఇమ్మన్యాడు పాపా" అంది. పిల్ల కారు మీది పట్టా తీసింది. సీటు వెనక పిడికిలి పట్టేంత అల్యూమినియం పెట్టె ఉంది. లేత్ మీద చేసినది. నాలుగు మూలలా నాలుగు బోల్టులతో బండికి బిగించి ఉంది. పిల్ల స్పానరు తీసుకుని విప్పింది. లోపల పసుపుగుడ్డ మూట, అందులో ఎండి నెర్రెలిచ్చిన నల్లమన్ను. ఉతికి ఆరేసిన గుడ్డ.

అది గుడ్డ అంచును వేళ్ళ మధ్య తిప్పి చూసింది. "ఇది నీ ఇస్కూలు చీర కదా అవ్వా?"

"నోటితో సెప్పలేను, రాసి ఇస్తాను" అన్నాను.

ఇంటికి వచ్చి రాయడం మొదలుపెట్టాను. సగం రాశాక చూసుకుంటే, రాస్తున్నది తెలుగులో. మా ఇళ్ళలో తెలుగు మాట్లాడతారు గానీ చదివేవాళ్ళు లేరు. మా నాన్న పలక మీద దిద్దించారు గనక నాకు వచ్చింది. నా మనవరాలికి ఒక్క అక్షరం రాదు. నిజం రాస్తున్నాననుకుంటూ, అది చదవలేని చోట రాస్తున్నాను. మళ్ళీ తాడుకు ఇవతలే నిలబడ్డాను. ఈ కాగితాలు ముందు దానికి నా నోటితో చదివి వినిపించాకే తెలుగు చదవగల మీకు పంపాలని అప్పుడు నిర్ణయించుకున్నాను.

మొన్న ఆదివారం ఉదయం అదే షెడ్డులో, అతను కూర్చునే ఇనుప స్టూలు మీద కూర్చుని చదివాను. మూడు ముళ్ళ దగ్గర ఆగాను. అది "సదువు అవ్వా" అంది. చదివాను. అయిపోయాక అది లేచింది. మూటను పెట్టెలో పెట్టి, మూత వేసి, కారు వెనక మోకాళ్ళ మీద కూర్చుంది. చిన్నతాత నేర్పినట్టే, ఎదురెదురు మూలలు చూసుకుంటూ బోల్టులు బిగించడం మొదలుపెట్టింది. ఒకటి. దాని ఎదుటిది. మూడోది.

నాలుగో బోల్టును అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత తల తిప్పకుండానే ఆ చెయ్యి నా వైపు చాచింది.