ఒక్క ఇంగ్లీషు మాటకు బస్సంతా ఖాళీ

పోయిన ఆదివారం ఒక్క ఇంగ్లీషు మాటతో కొండ మీద నిండు బస్సును ఖాళీ చేయించినానబ్బా! నవ్వొద్దండి. ముందు టీ తాగతా వినండి, విన్నాక నవ్వుదురు.

నేను ఇంగ్లీషు సార్‌నని మీకు తెల్సు గదా. ఆ వారమంతా తొమ్మిదో తరగతి పిల్లోళ్ళకు ఓటమి మాటలు చెప్తా ఉండా. ఇంగ్లీషోళ్ళకు ఉత్త 'ఓడిపోయినాడు' అంటే తృప్తి ఉండదు. ఆటలో చిత్తుగా ఓడిస్తే థ్రాష్ చేసినారంటారు, అంటే చావబాదినారని. సిరీస్‌లో ఒక్క మ్యాచీ గెలవకపోతే వైట్‌వాష్, సున్నం కొట్టేసినారని. యుద్ధంలో సైన్యం చెల్లాచెదురై పరిగెత్తితే రౌట్. ఒక్కడు మిగలకుండా తుడిచిపెట్టేస్తే వైపౌట్. ఎలక్షన్లో తిరుగులేకుండా గెలిస్తే ల్యాండ్‌స్లైడ్, కొండచరియ విరిగి ఎదుటోడి మీద పడినట్టు! ఈ చివరిది నాకు భలే నచ్చింది. యాడన్నా వాడాల, ఎట్లన్నా వాడాల అని ఒకటే దురద.

అవకాశం కూడా ఇంట్లోనే దొరికింది. మా బావమరిది మునిరత్నం బంగారుపాళ్యంలో మామిడి రైతుల సంఘం ఎన్నికల్లో నిలబడినాడు. తొమ్మిది మంది ప్యానెల్, ఈయన లీడరు. ఎదురు ప్యానెల్‌కు చెంగల్రాయులని, రెండుతూర్లు వరసగా గెలిచినోడు. శనివారం ఓట్లేసినారు, ఆదివారం లెక్కింపు. మా మామ "నేనీడుంటే గుండె ఆగిపోతాది" అని అత్తను తీసుకోని కొండకు పోయినాడు. నా భార్య వసంత తిరపతిలో ఇంటికాడ ఉండాది. మునిరత్నంకు తోడు నేను.

లెక్కింపు సాయంత్రం దాకా పడతాదన్నారు. ఆడ నా అవస్థ ఏం చెప్పేది! కూర్చుంటే లేవాలనిపిస్తాది, లేస్తే యాడికి పోవాల్నో తెలీదు. గుమ్మం కాడికి పోతా, వస్తా, ఫోన్ తీసి చూస్తా, మళ్ళా జేబులో పెడతా. ఓట్లేసినోళ్ళ కన్నా, నిలబడిన తొమ్మిది మంది కన్నా నాకే ఎక్కువ చెమట. మునిరత్నమే విసుక్కున్నాడు. "బావా, నువ్వట్ల తిరగతా ఉంటే నాకు కళ్ళు తిరగతా ఉండాయి. కాసేపు బయట నిలబడు."

మూడు రోజుల నుంచి వాన. బయట చూరు కింద నిలబడి ఫోన్ తీస్తే, ఫ్యామిలీ గ్రూపులో మామ పెట్టిన ఫోటో. వానలో, మంచులో అత్తా మామా. "దర్శనం బాగా అయింది. బస్సెక్కి కూర్చున్నాం" అని రాసినాడు. సరే అనుకుంటా ఉండానా, లోపల ఒకటే కేక! మధ్యాహ్నానికే తేలిపోయింది. తొమ్మిదికి తొమ్మిదీ మనవే!

నాకు కాళ్ళు నేల మీద ఆగలేదు. అప్పటికప్పుడు గ్రూపులో కొట్టినా. "ల్యాండ్‌స్లైడ్!!! టోటల్ వైపౌట్!!!"

మెసేజీ పోయి యాడ కూర్చుందంటారు? సరిగ్గా మామ ఫోటో కింద!

వసంత వెంటనే అడిగింది. "నిజమా? టీవీలో చూసినారా?"

నేను, "టీవీలో ఇంకా రాలేదు. రేపు పేపర్లో వస్తాది."

"ఎంతమంది?"

"తొమ్మిది మంది. ఒక్కడు మిగల్లేదు."

"అయ్యో దేవుడా! మనోళ్ళు?"

ఆ 'అయ్యో దేవుడా' కాడన్నా నాకు వెలగాల గదా? సంతోషం పట్టలేక అంటాందిలే అనుకున్నా. "మనోళ్ళంతా పైనే!" అని కొట్టినా. పొద్దున్నుంచి నిమిషానికొకసారి చూసి చూసి ఉండానా, అంతటితో ఫోన్ చార్జింగ్ అయిపోయి చచ్చింది.

తర్వాత గంటసేపు పటాసులు, పూలదండలు, జీపులో ఊరేగింపు. టీ అంగట్లో చార్జింగ్ పెట్టి ఫోన్ ఆన్ చేస్తే, వసంతవే నలభై మూడు మిస్డ్ కాల్స్! చేసినా. అవతల ఏడుపు.

"బస్సు దిగమని చెప్పినాక నాయన ఫోన్ కలవడం లే! అమ్మదీ కలవడం లే! ఆ కొండచరియల కింద ఏమైపోయినారో!"

"కొండచరియలా? ఎప్పుడు పడినాయి? ఎవరు చెప్పినారు నీకు?"

అవతల ఏడుపు ఆగి అరుపైంది.

"మీరే గదా చెప్పింది!"

అప్పటికి వెలిగిందబ్బా నాకు. "అది... అది ఎలక్షన్ ల్యాండ్‌స్లైడ్ వసంతా. మునిరత్నం గెలిచినాడు" అన్నా గొంతు తగ్గించి. ఆమె టక్కున ఫోన్ పెట్టేసింది. ఆమె తిట్టుంటే బాగుండు.

కొండ విరగలేదు, సరే. మామ ఫోన్ ఎందుకు కలవదు? మునిరత్నం మెడలో దండ కూడా తీయకుండానే జీపెక్కినాడు. జెండాలు కట్టిన జీపు తిరపతికి ఒకటే పరుగు. దారి పొడుగునా జనం చేతులూపతా ఉండారు, లోపల మేమిద్దరం ఏడుపు మొహాలు. పాకాల దాటినాక వసంత ఫోన్ చేసి రెండే మాటలు చెప్పింది. "మెట్లదారిలో దిగతా ఉండారంట. ఎవరిదో ఫోన్ అడిగి ఆ ఒక్క మాట చెప్పి పెట్టేసినాడు నాయన."

అలిపిరి కాడ మెట్ల కింద నిలబడినాం. చాలాసేపటికి కనపడినారు. ముందు అత్త. వెనక మామ, పక్కనుండే గోడ పట్టుకోని, ఒక్కో మెట్టుకూ "అమ్మా" అనుకుంటా.

జరిగింది ఇదంట. వసంత ఫోన్ చేసి "నాయనా, ఘాట్ రోడ్డులో కొండ విరిగిందంట, దిగండి" అనేసరికి మామ బస్సులో లేచి నిలబడి "కొండ పడిందప్పా, అందరూ దిగండి!" అని గట్టిగా అరిచినాడు. బస్సంతా దిగిపోయినారు. డ్రైవరు యాడికో ఫోన్ చేసి కనుక్కోని, "రోడ్డు బాగుండాది పెద్దాయనా, ఎక్కు" అన్నాడు. అందరూ ఎక్కినారు. మామ ఎక్కలేదు.

"నా అల్లుడు ఇంగ్లీషు సారు. ఆయన రాసింది తప్పు కాదు" అన్నాడంట! అత్త ఎంత లాగినా వినకుండా మెట్లదారి పట్టినాడంట. వానకు ఇద్దరి ఫోన్లూ తడిసి ఆగిపోయినాయి.

నన్ను చూస్తానే అడిగినాడు. "అల్లుడూ, ఎంత పెద్దది విరిగింది?"

మునిరత్నం, "నాయనా, నేను గెలిచినా!"

"అది తర్వాత. ముందు కొండ సంగతి చెప్పనీ."

ఏం చెప్పేది! తల దించుకోని మొత్తం చెప్పినా. మామ నిదానంగా విన్నాడు. విని, ఆ చివరి మెట్టు మీదే కూర్చున్నాడు.

"కొడుకు గెలిచినాడు అనే దానికి కొండనెందుకప్పా విరగ్గొడ్తివి?"

ఇప్పటికి వారం. మామ మా ఇంట్లోనే ఉండాడు. పొద్దునా సాయంత్రం మోకాళ్ళకు నూనె రుద్దే డ్యూటీ నాకేసింది వసంత. నిన్న రుద్దతా ఉంటే మామ కళ్ళు మూసుకోని అడిగినాడు.

"అల్లుడూ, ఓడిపోయినోడికి ఇంగ్లీషులో ఇంకా మాటలుండాయా?"

"శానా ఉండాయి మామా" అన్నా హుషారుగా.

"ఒక్కటీ చెప్పొద్దు. ఇంకొంచెం కిందికి రుద్దు."