ఆటలో పేర్చిన అంచులు

ధర్మవరంలో కంప్యూటరు మొరాయిస్తే శశికుమార్ షాపుకు మోసుకుపోతారు. ఆయన దగ్గర ఉన్నది ఒకటే మందు, ఫార్మాట్. నెమ్మదిగా నడిచినా అదే, వైరస్ వచ్చినా అదే, ఫ్యాను గరగరమన్నా అదే. పన్నెండేళ్ళుగా ఇదే వైద్యం. ఫార్మాట్ చేసేముందు ఫొటోలు, పెళ్ళి వీడియోలు, బిల్లులు భద్రంగా తీసిపెడతాడు. ఆటలంటే మాత్రం ఆయనకు ఒళ్ళుమంట. పనీపాటా లేనివాళ్ళు ఆటలాడి ఊళ్ళో కంప్యూటర్లన్నీ పాడుచేస్తున్నారని తిడతాడు. అవి పాడవకపోతే తాను తినేదేమిటో ఎన్నడూ ఆలోచించిన పాపాన పోలేదు.

శనివారం పొద్దున, పట్టుచీరలు నేసే చంద్రిక తన సీపీయూ తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆన్ చేస్తే నీలం తెర వచ్చి ఆగిపోతోంది.

"ఇందులో దిమ్మెల ఆట ఒకటుండాదన్నా. అది పోకూడదు. నా అంచులన్నీ దాంట్లోనే ఉండాయి."

"ఏమమ్మా, ఆటలో అంచులేంది?" శశికుమార్ పక్క టీ కొట్టు దాకా వినపడేలా నవ్వాడు.

రంగురంగుల చదరపు దిమ్మెలు పేర్చి ఇళ్ళు కట్టే ఆట అది. చంద్రిక అందులో ఇళ్ళు కట్టలేదు, చీర అంచులు పేర్చింది. ఒక్కో దిమ్మె ఒక్కో పోగు. గ్రాఫు కాగితం మీద ఒక గడి తప్పితే పొద్దంతా చెరుపుకోవాలి. ఇక్కడ ఒక దిమ్మె తీసి ఇంకోటి పెడితే సరి. ఆటలోనే గాల్లోకి పైకెగిరి అంచంతా ఒక్కసారే చూసుకోవచ్చు కూడా. డిజైన్లు గీసే సాఫ్ట్‌వేరు కొనే తాహతు లేక ఆమె కనిపెట్టుకున్న దారి ఇది. నాలుగు నెలల్లో పదకొండు అంచులయ్యాయి. సోమవారం వాటిని, తనకు నేతపని ఇచ్చే షావుకారుకు చూపించాలి. ఆయనకు నచ్చితే, నడుము విరగ్గొట్టే ఆ మగ్గం గుంతలోంచి లేచి డిజైన్ల పనే చేసుకోవచ్చు.

ఇదంతా ఆమె చెప్పబోయింది.

"సరేలేమ్మా, అన్నీ తీసిపెడతా. ఈ పని నాకు కొత్తా?" అని శశికుమార్ పంపించేశాడు.

మాట తప్పలేదు, అదీ విడ్డూరం. ఆట పేరున్న ఫోల్డరును వెతికి మరీ కాపీ చేశాడు. అయితే అందులో ఉండేది ఆట మాత్రమే. ఆడినవాళ్ళు కట్టుకున్నది వేరేచోట, మామూలుగా కంటికి కనపడని ఫోల్డరులో ఉంటుంది. మగ్గం మోసుకొచ్చి, దాని మీది చీర వదిలేసి వచ్చినట్టయింది ఆయన పని. ఒక్క క్షణం ఆయనకూ అనుమానం తగిలింది. ఇంతేనా, ఇంకెక్కడైనా ఉందా? చంద్రిక నంబరు సీపీయూ మీద అంటించిన చీటీలోనే ఉంది. కానీ ఇంత అనుభవమున్న మనిషి ఒక ఆట గురించి, అదీ ఒక ఆడమనిషికి ఫోన్ చేసి అడగడమా! ఛీ అనుకుని ఫార్మాట్ నొక్కాడు. దాని మీద కొత్త విండోస్ ఎక్కించి చేతులు దులుపుకున్నాడు.

ఆదివారం ఆమె వచ్చింది. ఫొటోలు చూపించాడు, ఒక్కటీ పోలేదు. ఆట తెరిచాడు, తెరుచుకుంది. లోపల ఆమె కట్టినవాటి జాబితా ఖాళీగా ఉంది.

"మళ్ళా మొదట్నించీ ఆడుకోమ్మా, ఏమైతాది," అన్నాడు. గొంతులో బింకం మాత్రం తగ్గింది. పోయిన ఫైళ్ళను వెతికే ప్రోగ్రాం నడిపాడు. గంటసేపు వెతికితే ఏవో పెళ్ళి వీడియో ముక్కలు దొరికాయి. అంచు ఒక్కటీ దొరకలేదు.

చంద్రిక అరవలేదు. తెర మీది ఫొటోల ఫోల్డరు కేసి వేలు చూపించింది.

"ఈ ఫొటోలన్నీ నా ఫోన్లో ఉండాయన్నా. ఇవి పోయినా నాకు బాధ లేదు."

శశికుమార్‌కు సిగ్గేసింది.

"కట్టినవాటిని ఆ ఆట యాడ దాచిపెడతాదో నాకు తెలీదమ్మా," అన్నాడు.

"నాకు తెలుసన్నా. నిన్న అడిగింటే చెప్పేదాన్ని."