ఎడమ పక్కటెముక

ఫిల్మ్‌నగర్‌లో మా కరాటే క్లాసు ఒక మూడంతస్తుల భవనం డాబా మీద, రేకుల షెడ్డులో నడిచేది. కింద పాత డబ్బింగ్ థియేటర్ ఉండేది. మేము అరుస్తూ కిక్ కొట్టినప్పుడల్లా అక్కడి సౌండ్ ఇంజనీరు మెట్లెక్కి వచ్చి, "మీ కేకలు మా హీరోయిన్ ఏడుపులో పడుతున్నాయండీ, ఒక్క పది నిమిషాలు ఆపండి" అని బతిమాలేవాడు.

మాది ఫుల్ కాంటాక్ట్ కరాటే. చేతులకు గ్లవ్స్ ఉండవు. ముఖం మీద చేత్తో కొట్టకూడదు గానీ, మిగతా ఒళ్లంతా బలంకొద్దీ కొట్టవచ్చు. కాలితో అయితే తలకు కూడా. ఆడపిల్లలు ఆర్నెల్లకు మించి ఉండేవాళ్లు కాదు. తొమ్మిదేళ్లు ఉన్నది నేనొక్కదాన్నే. మా నాన్న గుంటూరు వైపు నుంచి వచ్చి సినిమాలకు కాస్ట్యూమ్స్ చూసేవారు. మధురానగర్ ఇంటినుంచి రోజూ ఉదయం అయిదున్నరకు నేను స్కూటీ మీద వెళ్లేదాన్ని. రాష్ట్రంలో యాభై అయిదు కిలోల లోపు ఆడవాళ్లలో నన్ను ఓడించినవాళ్లు లేరు. ఆ మాట నేను చెప్పుకోనక్కర్లేదు, మా మాస్టరే కొత్తగా చేరినవాళ్లకు చెప్పేవారు.

నాకు ఇరవై అయిదేళ్లప్పుడు ఆ పిల్ల వచ్చింది. పదిహేడేళ్లు. వాళ్ల నాన్న జూబ్లీ హిల్స్‌లో ఒక నిర్మాత ఇంట్లో డ్రైవరు. ఆ ఇంటి వెనక గదిలోనే కాపురం. మొదటి రోజు మాస్టర్ ప్యాడ్ పట్టుకుని, "కొట్టమ్మా" అన్నారు. ఆమె కాలితో కొట్టింది. ఆ చప్పుడుకు షెడ్డులో అందరూ తలతిప్పారు. మాస్టర్ ప్యాడ్ దించి, తన అరచెయ్యి ఒకసారి చూసుకున్నారు. నా కిక్‌కు ఆయన ఎప్పుడూ చెయ్యి చూసుకోలేదు.

నాకు మూడేళ్లు పట్టిన దెబ్బ ఆమెకు మూడు నెలల్లో వచ్చింది. బరువు చూసేరోజు ముందు నేను రెండు రోజులు మజ్జిగతో గడిపేదాన్ని. ఆమె మిర్చి బజ్జీలు తింటూ వచ్చి తక్కెడ ఎక్కితే ముల్లు యాభై మూడు దాటేది కాదు. జూబ్లీ హిల్స్ ఎత్తుల మీద పరిగెత్తేటప్పుడు నాకు మాట రాక ఆయాసపడుతుంటే, "అక్కా, గా ఇల్లు చూసినవా, కొత్తగ కట్టిండ్రు" అని కబుర్లు చెప్పేది. నేను నవ్వేదాన్ని. లోపల మండిపోయేది.

ఆమె మాత్రం నన్నే పట్టుకుని తిరిగేది. నా నడక, నా బెల్టు ముడి, నేను నీళ్లు తాగే పద్ధతి, అన్నీ చూసి నేర్చుకునేది. అదీ నచ్చేది కాదు నాకు.

అప్పుడొక ఫైట్ మాస్టర్ మా షెడ్డుకు వచ్చాడు. హీరోయిన్‌కు డూప్ కావాలి, రోప్ కట్టుకుని గాల్లో తిరగాలి. ఇద్దరం చేసి చూపించాం. ఆయన నాకు "బాగుందమ్మా" అని చెప్పి, ఆమె ఫోన్ నంబరు తీసుకున్నాడు. ఇంటికి వెళ్లి నాన్నతో, ఆ పని మనకు వద్దనుకున్నానని చెప్పాను.

షూటింగ్ నుంచి ఆమె మూడో రోజున ఒక పక్కకు ఒరిగి నడుస్తూ వచ్చింది. నన్ను బట్టలు మార్చుకునే గదిలోకి పిలిచి టీషర్టు పైకెత్తింది. ఎడమ పక్కటెముకల మీద నల్లగా కమిలి ఉంది.

"రోప్ ఒక్కసారిగ గుంజిండ్రు అక్కా. ఊపిరి తీస్తె నొస్తుంది. మాస్టర్‌కు చెప్పకు, సెలెక్షన్ల నుంచి తీసేస్తడు. జర గట్టిగ కట్టు."

కజకిస్తాన్‌లో జరిగే అంతర్జాతీయ పోటీలకు సెలెక్షన్ ఇంకో తొమ్మిది రోజుల్లో ఉంది. ఒక్కో బరువుకు ఒక్కరే. మా బరువులో చివరిదాకా మిగిలేది మేమిద్దరమేనని అందరికీ తెలుసు.

"డాక్టర్‌కి చూపించుకో" అన్నాను.

"సెలెక్షన్ అయినంక చూపిస్త. నువ్వు ఫికర్ చెయ్యకు."

క్రేప్ బ్యాండేజీ చుట్టాను. చుడుతున్నప్పుడు ఏ ఎముక దగ్గర ఆమె ఊపిరి ఆగిందో నా వేళ్లకు తెలిసింది. ఆ తొమ్మిది రోజులూ రోజూ నేనే కట్టాను.

సెలెక్షన్ రోజు అనుకున్నట్టే ఇద్దరం ఎదురెదురుగా నిలబడ్డాం. మొదటి నిమిషం నేను ఆ వైపు వెళ్లలేదు. వెళ్లకూడదని నిర్ణయించుకునే బరిలోకి దిగాను, ఆ మాట నిజం. కానీ ఆమె వరసగా నా తొడ మీద మూడు కిక్స్ కొట్టింది. కాలు బిగుసుకుపోయింది. అంచున కూర్చున్న మాస్టర్ ఆమెను చూసి తల ఊపడం కనిపించింది. ఆ తల ఊపు కోసం నేను తొమ్మిదేళ్లు తిరిగాను.

కుడికాలు లేపి ఆమె ఎడమ పక్కటెముకల మీద కొట్టాను. మళ్లీ అక్కడే. మూడోసారి దగ్గరికి జరిగి మోకాలితో కొట్టాను. ఆమె నోటినుంచి అరుపు రాలేదు, గాలి మాత్రం వచ్చింది. వంగి మోకాళ్ల మీద కూలబడింది. రిఫరీ నా చెయ్యి పైకెత్తాడు. ఆమె లేచి, రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుని వంగి నమస్కరించింది. నా కళ్లలోకి చూసిందో లేదో నాకు తెలియదు, నేను చూడలేదు.

ఎక్స్‌రేలో ఎముకకు చీలిక కనబడింది. మాస్టర్ నన్నేమీ అడగలేదు. "నీకు తెలుసా?" అని అడుగుతారేమోనని వారంపాటు ఆయన పక్కకు వెళ్లలేదు.

కజకిస్తాన్‌లో నా మొదటి పోటీ నిమిషం కూడా సాగలేదు. అక్కడి అమ్మాయి కాలు నా చెవి పక్క తగిలింది. కళ్లు తెరిచేసరికి స్టేడియం దీపాలు, ఎవరో డాక్టరు నా ముఖంలోకి చూస్తూ వేళ్లు ఆడిస్తున్నాడు.

తిరిగొచ్చిన నాలుగో రోజు జూబ్లీ హిల్స్‌లో ఆమె ఉండే గదికి వెళ్లాను. వాళ్లమ్మ చాయ్ ఇచ్చి బయటికి వెళ్లింది. చెప్పేశాను. "తెలిసే కొట్టాను. అక్కడే కొట్టాలని కొట్టాను."

ఆమె చాయ్ ఊదుకుంటూ, "నాకెర్కే అక్కా" అంది.

"కోపం రాలేదా?"

"వచ్చింది. నీ మీద గాదు. పక్కటెముకలకు అడ్డంగ మోచెయ్యి కిందికి దించనైతి. ఎర్కుండి గూడ దించనైతి."

నన్ను తిట్టి ఉంటే తేలికపడేదాన్ని. ఆ మాటతో ఇంకా కుళ్లుకున్నాను. నేను నెలరోజులు మోసిన తప్పు ఆమెకు ఒక పొరపాటు, అది కూడా తనదే.

మరుసటి సెలెక్షన్‌లో ఆమె నన్ను ఓడించింది. సాకు చెప్పడానికి ఏమీ లేదు. ఈసారి పోటీలు జపాన్‌లో. మాస్టర్‌కు మోకాలి ఆపరేషన్ అయింది, ప్రయాణం చేయలేరు. కోచ్‌గా ఎవరు కావాలని అడిగితే ఆమె నా పేరు చెప్పింది. ఎందుకని నేను అడిగితే, "నా తప్పులు నీకు తెల్సినంత ఎవరికి తెల్వదు గదా" అంది.

అక్కడ రెండు పోటీలు గెలిచింది. మూడోదాంట్లో ఎదుటి అమ్మాయి పొడుగ్గా ఉంది. ఒక కిక్‌కు మా పిల్ల తొడ పట్టుకుని తూలిపోయింది. ఆ క్షణంలో నాలో ఒక సంతోషం కదిలింది. రాస్తుంటే సిగ్గుగా ఉంది, కానీ కదిలింది. ఓడిపోతే ఇద్దరం సమానమవుతాం అనిపించింది. అప్పటికే ఒకటి గమనించాను: ఆ పొడుగమ్మాయి కిక్ కొట్టే ముందు కుడిచెయ్యి దించుతోంది. తల ఖాళీగా ఉంటోంది. నా నోరు లేవలేదు. మా పిల్ల మరో దెబ్బ తింది. ఇంకొకటి తింది. అప్పుడు కుర్చీలోంచి లేచి గొంతు చిరిగేలా అరిచాను, "చెయ్యి దించుతోందే! ఎడమకాలు, తలకి!"

ఎడమకాలు లేచింది. ఆ అమ్మాయి పడిపోయింది.

బయటికి రాగానే వాటేసుకుని, "నేనే గెలిపించాను నిన్ను" అన్నాను, నవ్వుతూనే.

"నువ్వు ఒర్లకముందే చూసిన అక్కా" అంది. "నీ గొంతు తర్వాత ఇనబడ్డది."

ఆ ఒక్కటీ నాకు మిగల్చలేదు.

సెమీఫైనల్లో ఓడి మూడో స్థానంతో వచ్చింది. ఫిల్మ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద ఆమె బొమ్మతో ఫ్లెక్సీ కట్టారు. నేను స్కూటీ ఆపి, ఎక్కడైనా నా ముఖం ఉందేమోనని వెతికాను. లేదు.

ఇప్పుడు నాకు ముప్పై దాటాయి. పోటీలకు వెళ్లడం మానేసి పిల్లలకు నేర్పిస్తున్నాను. ఆదివారాలు మేమిద్దరం ఇంకా ఎదురెదురుగా నిలబడతాం. ఎక్కువసార్లు నేనే పడతాను. పోయినవారం మాత్రం నా కాలు ఆమె కడుపులో సరిగ్గా దిగింది. ఆమె చతికిలబడి, "అబ్బ, ఏం కొట్టినవ్ అక్కా" అని నవ్వింది. చెయ్యి అందించి లేపాను. ఆ రోజు మధ్యాహ్నం ఇంట్లో ఉత్త పప్పు, ఆవకాయే. అయినా మారు వడ్డించుకుని తిన్నాను.